మందు పనిచేస్తుందో లేదో బూజునే అడగాలి

తామర అంటే తెలియనివాళ్ళు మీ తరగతిలో ఒక్కరైనా ఉంటారా? తొడ సందుల్లోనో, నడుము చుట్టూనో, మెడమీదనో గుండ్రంగా ఎర్రటి మచ్చ లేస్తుంది. దాని అంచు ఉబ్బెత్తుగా ఉండి పొట్టు రాలుతుంది. మధ్య భాగం మాత్రం మానినట్టు కనిపిస్తుంది. ఒకటే దురద! చెమట పడితే ఆ దురద మరీ ఎక్కువ. ఇంట్లో ఒకరికి వచ్చిందంటే, తువ్వాలూ పక్కబట్టలూ కలిసి వాడుకునే ఇళ్ళలో మరో ఇద్దరికి అంటుకోవటానికి ఎక్కువ కాలం పట్టదు.

తామర వస్తే మనం సాధారణంగా ఏం చేస్తాం? మందుల షాపుకు వెళ్ళి "తామరకి ఏదైనా ట్యూబు ఇవ్వండి" అంటాం. షాపతను ఇస్తాడు. నాలుగు రోజులు రాస్తాం. దురద తగ్గుతుంది. రాయటం మానేస్తాం. పదిహేను రోజులు తిరిగేసరికి అది మళ్ళీ వస్తుంది, ఈసారి ఇంకొంచెం వెడల్పుగా. మళ్ళీ ఇంకో ట్యూబు. పక్కింటివాళ్ళు తమకు తగ్గిందని చెప్పిన మందు మరొకటి. ఇలా నెలలు గడుస్తాయి, డబ్బులు ఖర్చవుతాయి.

ఇంత తతంగంలోనూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ మచ్చను కలిగిస్తున్న జీవి మీద ఈ మందు అసలు పనిచేస్తుందా? ఇది ఊహించి చెప్పవలసిన ప్రశ్న కాదు. ప్రయోగశాలలో పరీక్షించి చెప్పగల ప్రశ్న. ఆ పరీక్షకు పద్ధతులు ఏర్పడి చాలా కాలమే అయింది. అయినా మనదేశంలో అది జరిగే చోట్లు చాలా తక్కువ. ఇలా ఉండకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. అంతా చదివాక ఒప్పుకోవాలో వద్దో మీరే తేల్చుకోండి.

ఎవరీ జీవులు?

ఊరగాయ జాడీలో తేమ చేరితే పైన బూజు పడుతుంది. వాన వెలిశాక చెత్తకుప్ప మీద పుట్టగొడుగులు లేస్తాయి. బ్రెడ్డు పొంగటానికీ, తాటికల్లు పులియటానికీ కారణం ఈస్టు. ఇవన్నీ ఒకే కుటుంబం. వీటినే శిలీంధ్రాలు అంటాం. వీటిలో మనకు మేలు చేసేవే ఎక్కువ. అడవిలో రాలిన ఆకులనూ, పడిపోయిన మానులనూ మట్టిగా మార్చేది ముఖ్యంగా ఇవే. పెన్సిలిన్ కూడా ఒక బూజు నుంచి వచ్చిందేనని మీరు చదువుకునే ఉంటారు.

మన శరీరం మీద పడి బాధించే శిలీంధ్రాలలో ఇక్కడ రెండు రకాల గురించి చెప్పుకుందాం. మొదటి రకం ఈస్టులు. ఇవి ఏకకణ జీవులు. మొగ్గ తొడిగి పెరుగుతాయి. వీటిలో కాండిడా అనేది మనలో చాలామంది నోట్లో, పేగుల్లో గుట్టుచప్పుడు కాకుండా బతుకుతూ ఉంటుంది. ఒంట్లో రోగనిరోధకశక్తి తగ్గినప్పుడు నోట్లో తెల్లటి పూతగా బయటపడుతుంది. ఆసుపత్రిలో బాగా జబ్బుపడి ఉన్నవారి రక్తంలోకి చేరితే ప్రాణాలే తీస్తుంది.

రెండో రకం చర్మపు శిలీంధ్రాలు. శాస్త్రజ్ఞులు వీటిని డెర్మటోఫైట్లు అంటారు. ఇవి సన్నని దారాల్లా పెరుగుతాయి. మన చర్మం పైపొరలోనూ, వెంట్రుకల్లోనూ, గోళ్ళలోనూ కెరటిన్ అనే ప్రోటీను ఉంటుంది. ఆ కెరటినే వీటి ఆహారం. మచ్చ మధ్యనుంచి మొదలై అన్ని వైపులా సమానంగా తింటూ పోతాయి కాబట్టే తామర గుండ్రంగా కనిపిస్తుంది. ట్రైకోఫైటాన్, మైక్రోస్పోరం, ఎపిడెర్మోఫైటాన్ అనేవి వీటిలో ముఖ్యమైన ప్రజాతులు. గజ్జి మాత్రం వేరు. దానికి కారణం బూజు కాదు, కంటికి సరిగా ఆనని ఒక చిన్న పురుగు. "గజ్జీ తామరా" అని జంటగా అంటాం గాని రెంటికీ చుట్టరికం లేదు. ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు.

ఒక విశేషం చెప్పనా? సూక్ష్మజీవుల వల్ల రోగాలు వస్తాయని నిరూపించటంలో తొలి సాక్ష్యం చెప్పింది శిలీంధ్రాలే. పట్టుపురుగులను చంపే ఒక రోగానికి శిలీంధ్రమే కారణమని ఇటలీకి చెందిన అగస్టినో బాసి 1835లో తెలియజేశాడు. తలమీద వచ్చే ఒక రకం తామరకు శిలీంధ్రం కారణమని డేవిడ్ గ్రూబి 1841లో పారిస్‌లో చూపించాడు. పాశ్చర్, కోచ్‌ల ప్రఖ్యాత పరిశోధనలు ఆ తర్వాతవే. ఇంత ముందుగా పట్టుబడ్డ శత్రువును మనం ఇప్పటికీ తేలిగ్గా తీసుకుంటున్నాం!

మందులు ఎందుకు కొన్నే ఉన్నాయి?

బాక్టీరియాను చంపే మందులు డజన్లకొద్దీ ఉన్నాయి. శిలీంధ్రాలను చంపే మందులు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని రకాలే. కారణం ఏమిటంటారు? బాక్టీరియా కణానికీ మన కణానికీ తేడాలు చాలా ఉన్నాయి. బాక్టీరియాలో కేంద్రకమే ఉండదు. కనుక మనకు హాని లేకుండా దాన్ని దెబ్బతీయటానికి చోట్లు ఎక్కువ దొరుకుతాయి. శిలీంధ్రాలు అలా కాదు. వాటి కణాలలో కేంద్రకం ఉంది. పరిణామక్రమంలో చూస్తే పుట్టగొడుగు మొక్కలకన్నా జంతువులకే దగ్గర చుట్టం! దాన్ని చంపే విషం మనల్ని కూడా బాధించే ప్రమాదం ఉంది.

అందుకని రెంటి మధ్యా ఉన్న కొద్దిపాటి తేడాలను శాస్త్రజ్ఞులు వెతికారు. మన కణాల పైపొరలో కొలెస్టరాల్ ఉంటుంది. శిలీంధ్రాలలో దాని స్థానంలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఈ చిన్న తేడా మీదే చాలా మందులు ఆధారపడ్డాయి. నిస్టాటిన్, యాంఫోటెరిసిన్ లాంటివి ఎర్గోస్టెరాల్‌కు అతుక్కుని కణానికి చిల్లులు పొడుస్తాయి. క్లోట్రిమజోల్, ఫ్లుకొనజోల్ లాంటి "అజోల్" మందులూ, టెర్బినాఫిన్ అనే మందూ ఎర్గోస్టెరాల్ తయారుకాకుండానే అడ్డుపడతాయి. మరొక రకం మందులు శిలీంధ్రపు కణకవచం మీద దెబ్బతీస్తాయి. పెద్ద రకాలంటే దాదాపు ఇవే.

ఆయుధాలు తక్కువగా ఉన్న సైన్యం ఏం చేయాలి? ప్రతి తూటానూ గురిచూసి వాడాలి. గుడ్డిగా పేల్చకూడదు. నా వాదనకు ఇది మొదటి మెట్టు.

సీసాలో ప్రయాణం చేసిన మందు

మొట్టమొదట మనుషులకు పనికివచ్చిన యాంటీఫంగల్ మందుల్లో నిస్టాటిన్ ఒకటి. అది పుట్టిందే ప్రయోగశాల పరీక్ష వల్ల. 1940లలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వాడకంలోకి వచ్చాయి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1948లో ఆరియోమైసిన్‌ను లోకానికి ఇచ్చింది. ఈ మందులు బాక్టీరియాను చంపి లక్షల ప్రాణాలు కాపాడాయి. కాని వాటితో ఒక చిక్కు వచ్చింది. ఒంట్లో ఉండే మంచి బాక్టీరియా కూడా చచ్చేసరికి, ఖాళీ అయిన చోట కాండిడా విజృంభించసాగింది. దానిని అణిచే మందు లేదు.

అప్పుడు న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో పనిచేస్తున్న ఇద్దరు మహిళలు ఈ పనికి పూనుకున్నారు. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో ఉండేది. రేచల్ బ్రౌన్ ఆల్బనీలో ఉండేది. హేజెన్ రకరకాల చోట్లనుంచి మట్టి తెప్పించి, అందులోని జీవులను పెంచి, అవి రెండు రోగకారక శిలీంధ్రాలను అణచగలవా అని పరీక్షించేది. అణచగలిగితే ఆ జీవిని గాజుసీసాలో పెట్టి పోస్టులో ఆల్బనీకి పంపేది. బ్రౌన్ అందులోని అసలు పదార్థాన్ని వేరుచేసి తిరుగు పోస్టులో పంపేది. హేజెన్ మళ్ళీ పరీక్షించేది. శిలీంధ్రాలను చంపిన పదార్థాలు చాలానే దొరికాయి. కాని వాటిలో ఎక్కువ భాగం జంతువులకు కూడా విషమే అయ్యాయి. చివరకు వర్జీనియాలో హేజెన్ స్నేహితుల పశువుల క్షేత్రం మట్టిలో కావలసినది దొరికింది. 1950లో ఇద్దరూ దాన్ని ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ పేరుమీద దానికి నిస్టాటిన్ అని పేరు పెట్టారు. దాని మీద వచ్చిన రాయల్టీ 1 కోటి 30 లక్షల డాలర్లకు పైనే. అందులో ఒక్క డాలరు కూడా ఇద్దరూ సొంతానికి ఉంచుకోలేదు. అంతా పరిశోధనలకే ఇచ్చేశారు.

మనదేశం కూడా ఈ రంగంలో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పూణే దగ్గర పింప్రిలో ప్రభుత్వరంగంలోని హిందూస్థాన్ యాంటీబయాటిక్స్ ప్రయోగశాలలో 1960ల మొదట్లో హామైసిన్ అనే యాంటీఫంగల్ మందును కనుక్కున్నారు. దాన్ని తయారుచేసే జీవికి స్ట్రెప్టోమైసిస్ పింప్రినా అని ఆ ఊరిపేరే పెట్టారు. సుబ్బారావుగారి గౌరవార్థం ఒక శిలీంధ్ర ప్రజాతికే "సుబ్బరోమైసిస్" అని పేరుపెట్టిన సంగతి మీలో ఎంతమందికి తెలుసు?

చూశారా! ఈ కథల్లో ఎక్కడా ఊహాగానాలు లేవు. "ఇది పనిచేస్తుందా?" అని బూజునే అడిగారు. బూజు పెరిగి "లేదు" అంది, పెరగక "అవును" అంది. కనుక్కునేటప్పుడు ఇంత శ్రద్ధగా అడిగిన ప్రశ్నను, వాడేటప్పుడు మనం ఎందుకు మానేశాం?

పరీక్ష ఎలా చేస్తారు?

ఇక పరీక్ష సంగతి చూద్దాం. మందులపలక అనదగిన ఒక ప్లాస్టిక్ పలక ఉంటుంది. మీ అరచేయంత ఉంటుంది. అందులో 8 వరుసలు, వరుసకు 12 చొప్పున మొత్తం 96 చిన్న గుంటలు. మొదటి గుంటలో మందు ఎక్కువ మోతాదులో పోస్తారు. రెండో గుంటలో అందులో సగం. మూడో గుంటలో ఆ సగంలో సగం. ఉదాహరణకు ఫ్లుకొనజోల్ అయితే మిల్లీలీటరుకు 64 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి 32, 16, 8, 4, 2, 1 అంటూ దాదాపు ఎనిమిదో వంతు మైక్రోగ్రాము దాకా దిగుతారు. ఒక గుంటలో మందే పోయరు. మరొక గుంటలో బూజే వేయరు. ఎందుకో ఆలోచించండి. మందు లేనిచోట బూజు పెరగాలి. పెరగకపోతే బూజు ముందే చచ్చిందన్నమాట. బూజు వేయనిచోట ఏమీ పెరగకూడదు. పెరిగితే బయటినుంచి ఏదో కలిసిందన్నమాట. ఈ రెండూ సరిగా ఉంటేనే మిగిలిన ఫలితాలను నమ్మాలి.

తర్వాత రోగి నుంచి తీసి పెంచిన శిలీంధ్రాన్ని లెక్కగా వేస్తారు. ఈస్టు అయితే మిల్లీలీటరుకు సుమారు 500 నుంచి 2,500 కణాలు. చర్మపు శిలీంధ్రమైతే 1,000 నుంచి 3,000 బీజాలు. పలకను 35 డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఈస్టును ఒక రోజు తర్వాత చూస్తారు. చర్మపు శిలీంధ్రం నెమ్మదిగా పెరుగుతుంది కనుక దాన్ని నాలుగు రోజుల తర్వాత చూస్తారు. బూజు పెరుగుదలను ఆపగలిగిన అతి తక్కువ మోతాదు ఏ గుంటలో ఉందో గుర్తిస్తారు. దాన్ని కనిష్ఠ నిరోధక మోతాదు అంటారు. ఈ సంఖ్య చిన్నదైతే మందుకు బూజు లొంగుతున్నట్టు. పెద్దదైతే మొండికేసినట్టు.

వినటానికి తేలికగానే ఉంది గదా! కాని ఒకప్పుడు ఇందులో పెద్ద గందరగోళం ఉండేది. ఒకే శిలీంధ్రాన్ని, ఒకే మందును ఇచ్చినా ఒక ప్రయోగశాల ఒక జవాబు, మరొకటి ఇంకో జవాబు చెప్పేవి. పెంచే ద్రవం మారినా, వేడి మారినా, వేసిన కణాల సంఖ్య మారినా, చూసే సమయం మారినా జవాబు మారిపోతుంది. అందుకని అమెరికాలో 1982లో ఒక సంఘాన్ని ఏర్పాటు చేశారు. అన్ని ప్రయోగశాలలూ ఒకే రకంగా చేయదగ్గ పద్ధతిని వారు రూపొందించి, ఈస్టుల విషయంలో 1997లో ఖాయం చేశారు. చర్మపు శిలీంధ్రాలకు పద్ధతి ఆ తర్వాత వచ్చింది. నాణెం సరైనదో కాదో తూచటానికి తూకపురాళ్ళు ఉన్నట్టు, పరీక్ష సరిగా జరిగిందో లేదో చూడటానికి ఫలితం ముందే తెలిసిన ప్రత్యేక ఈస్టులను కూడా ప్రతిసారీ పరీక్షిస్తారు.

మీరే చేసి చూడండి

ఈ పద్ధతిలోని కిటుకు అర్థం కావాలంటే ఒక ప్రయోగం చేయవచ్చు. ఒక్క హెచ్చరిక! తామర పొట్టును గాని, బూజుపట్టిన వస్తువులను గాని ఇంట్లోనో బడిలోనో పెంచే ప్రయత్నం ఎన్నడూ చేయకండి. బ్రెడ్డు చేయటానికి వాడే ఈస్టు చాలు.

ఒకే సైజు సీసాలు ఏడు తీసుకోండి. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం పంచదార కలిపి, మొదటి సీసాలో 200 మిల్లీలీటర్లు, మిగతావాటిలో 100 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. మొదటి సీసాలో 40 గ్రాముల ఉప్పు కరిగించండి. అందులోనుంచి 100 మిల్లీలీటర్లు తీసి రెండో సీసాలో పోసి కలపండి. రెండోదానిలోనుంచి 100 తీసి మూడోదానిలో పోయండి. ఇలా ఆరో సీసా దాకా వెళ్ళి, చివర తీసిన 100 మిల్లీలీటర్లు పారబోయండి. ఏడో సీసాలో ఉప్పు వేయవద్దు. ఇప్పుడు అన్ని సీసాలలోనూ ఒకే కొలతగా ఈస్టు వేసి, మూతులకు బెలూన్లు తగిలించి వెచ్చని చోట ఉంచండి.

ఈస్టు పెరిగి పంచదారను తింటే కార్బన్ డయాక్సైడ్ వాయువు పుట్టి బెలూను లేస్తుంది. ఉప్పు ఎక్కువైతే ఈస్టు నీరసిస్తుంది. రెండుమూడు గంటల తర్వాత ఏ సీసా మీది బెలూను లేవలేదో, వాటిలో ఉప్పు అతి తక్కువగా ఉన్నది ఏదో రాసుకోండి. అదే మీ ఈస్టుకు ఉప్పు యొక్క కనిష్ఠ నిరోధక మోతాదు! మీ స్నేహితుడు వేరే ఇంట్లో ఇదే ప్రయోగం చేస్తే అదే జవాబు వస్తుందేమో పోల్చి చూడండి. రాకపోతే, ప్రయోగశాలల గందరగోళం మీ ఇంటికే వచ్చిందన్నమాట. కారణం వెతకండి.

మన పేరుతో ఒక బూజు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. టెర్బినాఫిన్ 1990లలో వాడకంలోకి వచ్చిన గొప్ప మందు. తామర కలిగించే శిలీంధ్రాలను అణచటానికి మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము కన్నా తక్కువ సరిపోయేది. కాని గత పదేళ్ళ పైచిలుకుగా మనదేశపు చర్మవైద్యులు ఒక మార్పును గమనించారు. ఒకప్పుడు కొద్ది వారాల్లో తగ్గిపోయే తామర నెలల తరబడి తగ్గటం లేదు. పొట్టు తీసి పెంచి పరీక్షిస్తే, చాలామంది రోగుల శిలీంధ్రాలు టెర్బినాఫిన్‌కు లొంగలేదు. వాటిని ఆపటానికి మామూలు మోతాదుకు పదుల రెట్లు, వందల రెట్లు కావలసివచ్చింది.

ఎందుకిలా? టెర్బినాఫిన్ అడ్డుకునే ఎంజైము పేరు స్క్వాలీన్ ఎపాక్సిడేజ్. అది ఎమినో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసులో 397వ స్థానంలో ఫినైల్ అలనీన్ ఉండాలి. మొండి శిలీంధ్రాలలో చాలావాటికి ఆ స్థానంలో ల్యూసిన్ ఉంది. ఒక్క పూస మారింది, అంతే! తాళం కప్పలో ఒక పన్ను మారితే పాత తాళంచెవి పట్టనట్టు, మందు ఇక అక్కడ పట్టదు.

ఈ శిలీంధ్రానికి 2020లో జపాను శాస్త్రజ్ఞులు ఒక పేరు పెట్టారు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే. ఆ పేరులోని "ఇండో" ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. అది మన సరిహద్దులు దాటి ఎన్నో దేశాలకు చేరింది. 2023లో న్యూయార్క్ నగరంలో ఇద్దరు రోగులలో దాన్ని గుర్తించారు. వారిలో ఒకరు విదేశాలకు వెళ్ళినవారే కాదు! ఈస్టులలోనూ ఇదే కథ నడుస్తోంది. 2009లో జపానులో ఒక రోగి చెవిలో దొరికి కాండిడా ఆరిస్ అని పేరు పొందిన ఈస్టు, మనదేశంతో సహా అనేక దేశాల ఆసుపత్రులలో కలవరం కలిగిస్తోంది. ఫ్లుకొనజోల్‌కు అది చాలావరకు లొంగదు.

మందే బూజును మొండిగా మార్చిందా? సరిగ్గా అలా కాదు. కోట్ల కణాలలో ఎక్కడో ఒకటి పొరపాటున మారి పుడుతుంది. మందు అరకొరగా వాడితే మామూలువి చచ్చి ఆ మారినది మిగులుతుంది. పోటీ లేని పొలంలో కలుపు మొక్కలా అదే పెరుగుతుంది. మనం నాలుగు రోజులు రాసి మానేసిన ప్రతిసారీ ఆ పొలాన్ని మనమే దున్ని ఇస్తున్నాం.

దీనికి మరొకటి తోడైంది. షాపులో అమ్మే చాలా ట్యూబుల్లో బూజుమందుతో పాటు బలమైన స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ దురదను, ఎరుపును అణచివేస్తుంది. చూసేవాళ్ళకు తామర తగ్గినట్టే ఉంటుంది. కాని చర్మపు రక్షణ బలహీనపడి లోపల బూజు హాయిగా పెరుగుతుంది. ఇల్లు కాలుతుంటే గంట మోగకుండా గుడ్డ చుట్టినట్టన్నమాట! చర్మానికి రాసే అనేక స్టెరాయిడ్లను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. నిబంధన కాగితం మీద ఉంటే చాలదు, అమ్మేవాడికీ కొనేవాడికీ దాని అవసరం తెలియాలి.

నేను అనేదేమిటి?

తామర వచ్చిన ప్రతి ఒక్కరికీ 96 గుంటల పరీక్ష చేయాలని నేను అనటం లేదు. దానికి వ్యతిరేకంగా మంచి వాదనలే ఉన్నాయి. చర్మపు శిలీంధ్రం పొట్టునుంచి పెరగటానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. దాని తర్వాతే ఈ పరీక్ష. అంతవరకు రోగి దురదతో కూర్చోవాలా? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? పైగా ప్రయోగశాల సంఖ్య దేవుని వాక్కు కాదు. ప్లాస్టిక్ గుంటలో జరిగినది చర్మం మీద అచ్చంగా అలాగే జరగాలని లేదు. మందుకు లొంగుతుందని తేలిన రోగాల్లో నూటికి 90 వరకు నయమైతే, లొంగదని తేలినవాటిలో కూడా సుమారు 60 నయమవుతాయని అనుభవం మీద శాస్త్రజ్ఞులు ఒక లెక్క చెబుతారు. రోగి శరీరబలం కూడా పోరాడుతుంది గదా! ఈస్టులకు గీసినంత గట్టి సరిహద్దు గీతలు చర్మపు శిలీంధ్రాలకు ఇంకా గీయలేదన్నది కూడా నిజమే.

ఇవన్నీ ఒప్పుకుంటూనే మూడు మాటలు అంటాను.

ఒకటి. తామరలా కనిపించేదల్లా తామర కాదు. కనుక మందు రాసేముందు పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, మైక్రోస్కోపులో చూడటం ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలోనూ అలవాటు కావాలి. ఆ ద్రావణం చర్మకణాలను కరిగిస్తుంది, బూజు దారాలు మాత్రం మిగిలి కనిపిస్తాయి. దీనికి వారాలు అక్కరలేదు, నిమిషాలు చాలు. ఖరీదైన యంత్రాలూ అక్కరలేదు.

రెండు. సరిగా మందు వాడినా తగ్గనివారికీ, తగ్గి మళ్ళీ మళ్ళీ వచ్చేవారికీ, రక్తంలో ఈస్టు చేరిన రోగులకూ పూర్తి పరీక్ష అందుబాటులో ఉండాలి. రక్తంలో ఈస్టు విషయంలో ఇది ప్రాణంతో పని. అక్కడ ఒక్క రోజులో తెలిసే జవాబు మనిషిని నిలబెట్టగలదు. 2021లో కరోనాతో పాటు "బ్లాక్ ఫంగస్" వచ్చినప్పుడు యాంఫోటెరిసిన్ దొరక్క ఎన్ని కుటుంబాలు అల్లాడిపోయాయో మీరు మరచిపోకూడదు. ఉన్న కొద్ది మందులే మొండిబూజుల ముందు ఓడిపోతే మన గతేమిటి?

మూడు. ఒక్కొక్క రోగికి కాకపోయినా, ఒక్కొక్క ప్రాంతానికి లెక్క కావాలి. ప్రతి వైద్యకళాశాలా ఏటా కొన్ని నమూనాలు పరీక్షించి, తమ జిల్లాలో ఏ మందుకు ఏ బూజు లొంగుతోందో ప్రకటించాలి. అప్పుడు పల్లెలో వైద్యుడు పరీక్ష లేకపోయినా సరైన మందు రాయగలడు. వాన ఎంత పడిందో మండలానికొక లెక్క ఉన్నప్పుడు దీనికి ఎందుకు ఉండకూడదు? ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో ప్రమాదకరమైన 19 రకాల శిలీంధ్రాల జాబితా వేసింది. కాండిడా ఆరిస్ అందులో మొదటి వరుసలోనే ఉంది. లోపలి అవయవాలను బాధించేవాటి మీద దృష్టి పెట్టారు కనుక తామర శిలీంధ్రాలకు అందులో చోటు దక్కలేదు. తామర ఎవరినీ చంపదు, నిజమే. కాని నిద్ర చెడగొడుతుంది. చదువు మీద మనసు నిలవనీయదు. నలుగురిలో కూర్చోవటానికి సిగ్గుపడేట్టు చేస్తుంది. దీన్ని రోగం కింద లెక్కవేయకపోతే ఎలా?

వ్యవసాయం సంగతి కూడా ఒక మాట. వరిలో పాముపొడ తెగులు వస్తే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ చల్లుతారు. పేరు చివర "అజోల్" అనే తోకను గమనించారా? అవి మనం వాడే మందులకు దాయాదులే. పొలాల్లో అజోల్ మందులకు అలవాటుపడిన ఆస్పర్జిల్లస్ అనే బూజు, మనిషి ఊపిరితిత్తుల్లో చేరినప్పుడు ఆసుపత్రి అజోల్‌కు కూడా లొంగకపోవటం యూరప్‌లోనూ మనదేశంలోనూ కనిపించింది. కాబట్టి బూజులను పరీక్షించే పని వైద్యులదే కాదు, వ్యవసాయశాఖదీనూ.

మీ వంతు

ప్రభుత్వమూ కళాశాలలూ చేయవలసినవి చెప్పాను. మీరు చేయగలవి లేవా? ఉన్నాయి. తువ్వాలు, దువ్వెన, బట్టలు ఎవరివి వారే వాడండి. స్నానం చేశాక వేళ్ళసందులూ తొడసందులూ పొడిగా తుడుచుకోండి. తడి బట్టలు కట్టుకోకండి. తామర వస్తే సిగ్గుపడి దాచుకోకండి, ఇంట్లో ఎందరికి ఉందో అందరూ ఒకేసారి వైద్యం చేయించుకోండి. వైద్యుడు ఎన్ని వారాలు చెబితే అన్ని వారాలూ మందు వాడండి. మచ్చ పోగానే బూజు పోయినట్టు కాదు.

ఇంట్లో ఉన్న ట్యూబు తీసి దాని మీద రాసిన పేర్లు చదవండి. చివర "సోల్" అనో "సోన్" అనో ఉన్న పేర్లు కనిపించవచ్చు. క్లోబెటసాల్, బెటామెథసోన్ వంటివి స్టెరాయిడ్లు. అవి ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి, వైద్యుని అడగమనండి. మీ బడిలో మైక్రోస్కోపు ఉండి బీరువాలో తాళంలో ఉంటే, దాన్ని బయటికి తీయించమని సైన్సు మాస్టారుని అడగండి. బ్రెడ్డు ఈస్టు మొగ్గ తొడగటం చూడటానికి అది చాలు.

హేజెన్, బ్రౌన్ చేతుల్లో ఈనాటి యంత్రాలేవీ లేవు. మట్టి, గాజుసీసాలు, పోస్టాఫీసు, ఓపిక ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, తెలుసుకోకుండా నమ్మకూడదన్న పట్టుదల ఉంది. ఈసారి ఎవరైనా "ఈ ట్యూబు రాయి, నాకు తగ్గింది" అంటే, "నీ బూజూ నా బూజూ ఒకటేనని ఎవరు చూశారు?" అని అడగండి. అడగటంతోనే సైన్సు మొదలవుతుంది.